మిట్టేమరి సెంటర్ హాఫ్

చింతామణి,
1964 సెప్టెంబరు, ఆదివారం.

ప్రియమైన మునిరాజు బావకు,

నువ్వూ మా అక్కా బాగున్నారని తలుస్తాను. నేను మాత్రం బాగాలేను. నిన్న సాయంత్రం నుంచి ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోతున్నాను. అంగడికి పోతే బేరం చెడగొడుతున్నాను, ఇంటికొస్తే ఇల్లాలు కాంచన మీద విసుక్కుంటున్నాను. కారణం నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మీ చిక్కబళ్ళాపురం కాలేజీ మా మైదానానికి వచ్చి, మా ఊరివాళ్ళందరి ముందరా మమ్మల్ని ఫుట్‌బాల్‌లో ఓడించి పోయింది.

"మీ" అన్నందుకు కోపం తెచ్చుకోవద్దు. తాలూకా కచేరి ఉద్యోగం నిన్ను అక్కడికి లాక్కుపోయింది కానీ, నీ మనసు ఇక్కడిదేనని నాకు తెలుసు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఇద్దరం ఆ మైదానం గోడ మీదే కదా పెరిగాం! అందుకే ఇంత బాధనూ నీకు తప్ప ఇంకెవరికీ రాయలేను. నిన్న నువ్వూ వస్తావని నా పక్కన తువ్వాలు పరిచి చోటు పట్టి పెట్టాను. నువ్వు రాలేదు. కచేరిలో పని అని కబురు పంపావు. శనివారం సాయంత్రం కచేరిలో ఏం పని బావా?

పోనీలే. ఆట సంగతి చెబుతాను. వాళ్ళ జట్టులో మైదానం నడుమ ఆడే సెంటర్ హాఫ్ ఒకడున్నాడు. నల్లగా, సన్నగా, ఎండిన జొన్నదంటులా ఉంటాడు. వాడు పరిగెత్తడు. అదే విచిత్రం. మనవాళ్ళు పదిమందీ నాలుకలు బయటపెట్టి పరిగెడుతుంటే వాడు మధ్యలో నిలబడి చూస్తుంటాడు. బంతి తనంతట తాను వాడి కాలి దగ్గరికి వస్తుంది. వాడు తల ఎత్తుతాడు, ఎడమవైపు ఖాళీ చోటుకు తోస్తాడు. అక్కడ ఎవరూ లేరే అని మనం అనుకునేలోపల వాళ్ళవాడొకడు అక్కడికి చేరి ఉంటాడు. పొద్దు వాలే వేళకు ఒక గోలు అలాగే పడింది. మైదానమంతా చావు ఇంటిలాగా అయిపోయింది.

అప్పుడు నా పక్కనున్న సోడా అంగడి పిళ్ళప్ప నా మోకాలు పట్టుకున్నాడు. "ముద్దుకృష్ణప్పా, వాడు ఎవడో తెలుసునా? మిట్టేమరి గంగప్ప కొడుకు, మునినారాయణ. జూన్‌లో మన కాలేజీకే వచ్చినాడు. మన మేష్ట్రే వద్దని పంపించేసినాడు" అన్నాడు.

నా గుండెలో రాయి పడింది బావా. మన చేతిలోకి వచ్చినవాడు! మన ఆటల మేష్ట్రు ఆంజనేయప్ప వాడికి ఎవరివో బూట్లు తొడిగించి మైదానం చుట్టూ పరిగెత్తమన్నాడట. పుట్టి బుద్ధెరిగి బూటు ముఖం చూడని పల్లె పిల్లవాడు, రెండు మూడు సార్లు పడ్డాడట. "ఇతను జట్టుకు పనికిరాడు" అని మేష్ట్రు అనేశాడు. ఆటగాళ్ళ కోటాలో సీటు అడిగిన పిల్లవాడు కాబట్టి సీటూ పోయింది.

రాత్రి అంగడి మూసేదాకా అరుగు మీద అందరం అదే మాట. ఒకడు ఆంజనేయప్పను తిడతాడు. ఇంకొకడు పాత మేష్ట్రు వెంకటరామప్పను తలుచుకుని కళ్ళు తుడుచుకుంటాడు. ఆయన పటాలంలో ఆడి వచ్చినవాడు. దున్నిన చేలో ఉత్త కాళ్ళతో పిల్లలను ఆడించి, ఇసుకలో పరిగెత్తించి, జట్టును నిలబెట్టినవాడు. ఒక ఫైనల్ ఓడేసరికి, పాతకాలపు మనిషి, పల్లెటూరి పద్ధతులు అని ఊరంతా గొణిగి, అర్జీ పెట్టి ఆయన్ను పంపించేశాం. బెంగుళూరు నుంచి ఈల, గడియారం, బూట్లతో ఆంజనేయప్ప వచ్చాడు. ఆయన వచ్చినప్పటి నుంచి మనకు ఓటమి తప్ప ఇంకోటి లేదు.

నేను ఒక నిశ్చయానికి వచ్చాను. వెంకటరామప్ప మేష్ట్రు ఉండే పాతపాళ్యకు పోయి, కాళ్ళు పట్టుకునైనా సరే ఆయన్ను తీసుకొస్తాను. ఆంజనేయప్పను సాగనంపడానికి అర్జీ తయారవుతోంది. ఈ మాట కాంచనతో అంటే, "ఆడేది పిల్లోళ్ళు, ఓడేది పిల్లోళ్ళు. అన్నం మానేసేది మాత్రం మీరు" అని కంచం ముందుకు తోసింది. తినలేదు. తిన్నానని అక్కతో చెప్పు.

నీ బామ్మర్ది,
ముద్దుకృష్ణ

చింతామణి,
సెప్టెంబరు నెలాఖరు.

బావకు,

పాతపాళ్యకు పోయి వచ్చాను. పోయినప్పుడు ఉన్న మనిషిని కాను ఇప్పుడు. నువ్వు నా ఉత్తరానికి జవాబు రాయకపోయినా ఇది నీకు చెప్పకుండా ఉండలేను.

బాగేపల్లిలో బస్సు మారి, దిగినచోటు నుంచి ఎండలో నడిచి పోయాను. మేష్ట్రు శనక్కాయ చేలో కలుపు తీస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. "ఎవరది, సరుకుల అంగడి ముద్దుకృష్ణేనా? రాప్పా, ఆ సాలు పట్టుకో" అన్నాడు. పంచె ఎగగట్టి నేనూ కూర్చుని కలుపు తీశాను బావా. ఏది గడ్డి, ఏది చెట్టు తెలియక రెండు మంచి మొక్కలు పీకేస్తే ఆయన కూతురు రామలక్ష్మమ్మ గట్టు మీద నుంచి నవ్వింది.

వచ్చిన పని చెప్పాను. ఊరంతా మిమ్మల్నే తలుస్తోంది, అర్జీ సిద్ధంగా ఉంది, ఆంజనేయప్ప పోతాడు, మీరు రావాలి అన్నాను. ఆయన తన సాలు చివరిదాకా కలుపు తీశాడు. తరవాత అన్నాడు:

"నాకు ముందర నంజప్ప మేష్ట్రు ఉండె. జ్ఞాపకం ఉండాదా నీకు? నేనొచ్చిన కొత్తలో మీ అరుగు మీద పొద్దస్తమానం ఆయన పేరే. నంజప్ప ఉంటే ఇట్ల ఆడుతుండ్రి, నంజప్ప ఉంటే అట్ల గెలుస్తుండ్రి అని. నేను అంగట్లో ఉప్పు కొనుక్కోను వస్తే నాకు ఇనబడేటట్ల మాట్లాడుతుంటిరి. ఇప్పుడు నా పేరు చెప్తాండారు. రేపు ఆంజనేయప్పను పంపించినాక ఆయన పేరు చెప్తారు. మీకు ఉండేవాడు వద్దప్పా, పోయినవాడే కావల్ల."

"అది కాదు సార్, ఈయనకు మనిషి విలువ తెలీదు. మిట్టేమరి పిల్లోణ్ణి చేతులారా పోగొట్టినాడు" అన్నాను.

ఆ మాటకు ఆయన చేతిలోని గడ్డిని కింద పడేశాడు. ముఖం అటు తిప్పుకున్నాడు. రామలక్ష్మమ్మ గట్టు దిగి వచ్చి, "నాయనా, చెప్పేయి. కడుపులో పెట్టుకోని ఎన్ని దినాలు తిరుగుతావు?" అంది.

మునినారాయణకు ఆట నేర్పింది వెంకటరామప్ప మేష్ట్రే బావా! మన ఊరి నుంచి పంపించేసిన తరవాత ఆయన చేను చేసుకుంటూ ఉంటే, ఈ పిల్లవాడు సంతకు వచ్చినప్పుడు కనబడ్డాడట. అప్పటినుంచి ఆదివారమొస్తే చాలు, మిట్టేమరి నుంచి నడుచుకుంటూ పాతపాళ్యకు వచ్చేవాడు. కోత కోసిన చేలో ఆయన నిలబడి చెప్పడం, వాడు ఆడటం. "పరిగెత్తేది కాలు కాదు, కన్ను" అని ఆయనే నేర్పాడు. వాడు హైస్కూలు ముగించగానే ఆయనే మన కాలేజీకి పంపాడు.

"ఎందుకు సార్, మేము మీకు చేసింది తెలిసీ మా దగ్గరికే పంపితిరి?" అని అడిగాను.

"ఆ మైదానంలో నేను పదేండ్లు చెమట కార్చినానప్పా. నన్ను పంపించినా అది నా మైదానమే కదా. నేను పోకపోయినా నా పిల్లోడు అక్కడ ఆడల్లని ఆశ. నా పేరు చెప్పొద్దురా, చెప్తే సీటు ఇయ్యరేమో అని నేనే అంటిని. పేరు చెప్పింటే ఏమవుతుండెనో!" అన్నాడు. కానీ ఆంజనేయప్పను ఒక్క మాట అనలేదు. "ఆయనకూ పెండ్లాం బిడ్డలు ఉండారు. ఒకర్ని తోసేసిన కుర్చీలో నేను కూర్చోను. అర్జీ చించేయి" అన్నాడు.

వస్తున్నప్పుడు దారంతా ఒకటే ఆలోచన. ఆ పిల్లవాడు మన బస్టాండులో కూర్చుని ఉంటే ఎవరో పెద్దమనిషి చిక్కబళ్ళాపురం బస్సు ఎక్కించాడని మేష్ట్రు చెప్పాడు. తన పేరు ఎవరికీ చెప్పొద్దన్నాడట, అందుకని వాడు గురువుకు కూడా చెప్పలేదు. ఎవడు బావా ఆ మనిషి? ఒక్క పూట ఆగి ఉంటే మన పిళ్ళప్పకో, నాకో కనబడేవాడు కదా! నువ్వు అక్కడే ఉన్నావు. ఎవరో కనుక్కో. ఆ పిల్లవాడు ఉండే ఇల్లు కూడా కనుక్కో. వచ్చే జూన్‌కి వాణ్ణి ఎలాగైనా మన కాలేజీకి మార్పించుకుంటాం. ఆ ఇంటివాళ్ళతో నేను మాట్లాడుకుంటాను. వెంటనే జవాబు రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

నీ,
ముద్దుకృష్ణ

చిక్కబళ్ళాపురం,
అక్టోబరు, దసరా ముందు.

చిరంజీవి ముద్దుకృష్ణను ఆశీర్వదించి రాసేది,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. జవాబు రాయడానికి కూర్చుని లేవడం, లేచి కూర్చోవడం, ఇదే నా పని అయింది. ఈరోజు మీ అక్క వెంకటలక్ష్మమ్మ కాగితం నా ముందర పెట్టి, "మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?" అంది. నేనే రాస్తున్నాను.

నువ్వు వెతుకుతున్న మనిషిని నేనే. నువ్వు మాట్లాడదామనుకుంటున్న ఆ ఇల్లు మీ అక్క ఇల్లే.

జూన్‌లో నేను కచేరి పని మీద చింతామణికి వచ్చాను కదా, నీ అంగట్లో కాఫీ తాగి బస్టాండుకు పోయాను. అక్కడ ఒక పిల్లవాడు గుడ్డసంచి మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళు రెండూ బొబ్బలెక్కి, మడమల దగ్గర తోలు లేచిపోయి ఉంది. "ఏమప్పా, ఏడుస్తాండావా?" అన్నాను. "లేదు సార్, బాగేపల్లి బస్సు కోసరం చూస్తాండా" అన్నాడు. వాడి ముందరే బాగేపల్లి బస్సు వచ్చింది, పోయింది. వాడు ఎక్కలేదు. మళ్ళీ అడిగాను. "సీటు దొరకలేదని చెప్తే మా నాయన మడక పట్టి చేను దున్నమంటాడు సార్. ఈ ఒక్క దినం ఇంటికి పోకుండా ఉంటే రేపేమన్నా అవుతుందేమోనని చూస్తాండా" అన్నాడు.

నిజం చెబుతున్నాను, అప్పటికి వాడు ఫుట్‌బాల్ ఆడతాడని కూడా నాకు తెలియదు. నువ్వు అరుగు మీద కూర్చుని పోగొట్టుకున్న ఆటగాళ్ళను లెక్కపెట్టుకుంటావు. నేను ఆ రోజు చూసింది ఆటగాణ్ణి కాదు, ఇంటికి పోలేని పిల్లవాణ్ణి. నాకు తోచింది మా ఊరి కాలేజీ. నాతో బస్సు ఎక్కించుకున్నాను. దారిలో చెప్పాడు ఆట సంగతి, వద్దన్న సంగతి. అప్పుడు నాకు భయం వేసింది. చింతామణివాళ్ళకు ఎవరికీ నా పేరు చెప్పొద్దన్నాను. ఆ భయం నీ గురించే.

కొద్ది రోజులుండి హాస్టలుకు పోతాడనుకున్నాం. పోలేదు. మీ అక్క పోనివ్వలేదు. మా ఇంట్లో ఇన్నేండ్లూ మేమిద్దరమే కదా. పెండ్లయి ఇంతకాలమైనా ఒడి నిండలేదని మీ అక్క ఎవరితోనూ అనదు, నీతో కూడా అని ఉండదు. సాయంత్రం ఆటనుంచి వాడు వచ్చేవేళకు సంగటి వేడిగా ఉండాలని పొయ్యి దగ్గర కూర్చుంటుంది. వాడు గుమ్మంలో నిలబడి "అమ్మా" అంటే, దుమ్ము కాళ్ళతో లోపలికి రావద్దని కసురుతూ తానే నీళ్ళు తెచ్చి పోస్తుంది. గౌరి పండగకు మీ అక్క పుట్టింటికి ఎందుకు రాలేదని నువ్వు అనుకునే ఉంటావు. ఇదే కారణం. మీమీద గోలు పడిన రోజు నేను ఎందుకు రాలేదనీ అడిగావు. వస్తే ఏ వైపు కూర్చోవాలి? ఎవరికి చప్పట్లు కొట్టాలి?

నేను తప్పు చేశానని అనుకోవడం లేదు. నీకు చెప్పకపోవడం ఒక్కటే నాకు ముల్లులా ఉండింది. ఇప్పుడు చెప్పాను. జూన్‌లో వాణ్ణి మార్పించుకుంటామని రాశావు. ముద్దుకృష్ణా, నీ కాలేజీ కోసం నీకు ఎంత ఆశ ఉందో నాకు తెలుసు. కానీ ఆ మాట మీ అక్క ముందర అనేముందు ఒక్కసారి ఆలోచించు. మీ అరుగు మీద నన్ను ఏమన్నా అనుకోనీ.

నీ బావ,
మునిరాజు

చింతామణి,
నవంబరు.

బావకు,

నీ ఉత్తరం చదివి ఇంత కాలం నీకు రాయలేదు. మొదట చించేద్దామనుకున్నాను. నువ్వే! నా పక్కన తువ్వాలు మీద కూర్చోవలసినవాడివి, మా అక్క సంగటి పెట్టి పెంచిన పిల్లవాడిని మా మీదికి తోలావు! ఉత్తరం కాంచనకు ఇచ్చి, "చూడు మా బావ చేసిన పని" అన్నాను. ఆమె చదివి, మడిచి నా చేతిలో పెట్టింది. "మీ అక్క పొయ్యి దగ్గర కూచోని ఎదురు చూస్తాండాదంట. మీకు కనబడింది గోలేనా?" అంది. అయినా కోపం పోలేదు. రోజూ అంగట్లో అరుగు మీద కూర్చుని అందరితో కలిసి ఆ పేరు తెలియని మనిషిని తిట్టాను. నీ పేరు నా నాలుక చివరే ఉండింది.

దసరా అయిన తరవాత అర్జీ మీద సంతకాలకు మా అంగడి వెనక వరండాలో అందరూ చేరారు. వెంకటరామప్ప మేష్ట్రు రానన్నాడని అంతకుముందే చెప్పాను. "ఆయన రాకపోతే ఇంకొకర్ని తెస్తాం, ముందు ఈయన పోవల్ల" అన్నారు. పిళ్ళప్ప కాగితం విప్పుతుండగా ఆంజనేయప్ప మేష్ట్రే లోపలికి వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. ఈల మెడలోనే ఉంది, మైదానం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. అందరూ లేచి నిలబడ్డారు, మళ్ళీ ఏం చేయాలో తెలియక కూర్చున్నారు.

"సంతకాలు పెట్టండప్పా, నేను అడ్డం రాను" అన్నాడు. "ఒక్క సంగతి చెప్పి పోతాను. ఆ మిట్టేమరి పిల్లోణ్ణి పంపించింది నేనే. ఆ సాయంత్రమే మన పిల్లోళ్ళు చెప్పినారు, బూట్లు ఇప్పినాక వాడు ఒట్టికాళ్ళతో బంతిని ఎట్ల తట్టినాడో. నాకు అన్నం దిగలేదు. మూడో పొద్దు మిట్టేమరికి పోయినాను. గంగప్ప మడక ఆపి చెప్పినాడు, 'మావాడు చిక్కబళ్ళాపురంలో చేరిపోయినాడు సామీ' అని. మీరు పోగొట్టుకున్నది మీకు సెప్టెంబరులో తెలిసింది. నాకు జూన్ నుంచీ తెలుసు."

కాగితం మళ్ళీ మడతపడింది. అప్పుడు పిళ్ళప్ప అన్నాడు, "అట్లయితే సార్, ఆ మూడు దినాల్లో వాణ్ణి ఎత్తుకపోయినోడు ఎవడో వాడే మన శత్రువు."

బావా, నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఏమవుతుందో కళ్ళ ముందరే కనబడింది. కాసేపటికి మేష్ట్రు బయటికి పోతాడు, వీళ్ళ జాలి ఆరిపోతుంది, కాగితం మళ్ళీ విప్పుతారు. నేను లేచి చెప్పేశాను. "ఎత్తుకపోయింది మా బావ. మునిరాజు. ఆ పిల్లోడు ఇప్పుడు మా అక్క ఇంట్లోనే ఉండాడు."

అక్కడ లేచిన గోల ఏమని చెప్పను! ఆంజనేయప్పను అందరూ మరిచిపోయారు. "ఈ ఊరి అన్నం తిని పెరిగిన మునిరాజేనా!" అని ఒకడు. "చిక్కబళ్ళాపురం నీళ్ళు అట్లాంటివప్పా" అని ఇంకొకడు. అంతలో పిళ్ళప్ప ముఖం వెలిగింది. "మీ అక్క ఇల్లే కదా! ఇంకేం, పని సులువయ్యె. నువ్వు పోయి అక్కను అడుగు. వచ్చే జూన్‌కి వాడు మనోడు!" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను ఇన్నాళ్ళుగా కోరుకున్న మాటే అది. నా నోటి నుంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"మా అక్క ఇంట్లో నుంచి వాణ్ణి తెచ్చేది నావల్ల కాదు. ఇంకెవరన్నా పోయినా వాకిట్లో నేనే అడ్డం నిలబడతాను" అన్నాను.

అంతే. అర్జీ అక్కడే ఉండిపోయింది, సంతకం పెట్టడం ఎవరికీ జ్ఞాపకం లేదు. ఇప్పుడు అరుగు మీద తిట్టేది నిన్నూ, నన్నూ. పిళ్ళప్ప వారం రోజులు నాకు సోడా పోయలేదు. ఒకరిద్దరు సరుకులు ఎదురంగట్లో కొంటున్నారు. ఆంజనేయప్ప మేష్ట్రు ఉద్యోగం మాత్రం నిలిచింది. నిన్ను అడగకుండా నీ పేరు బజారులో పెట్టాను. నువ్వు ఏమన్నా అనుకోనీ అని రాశావు కదా, వాళ్ళు బాగానే అనుకుంటున్నారు. ఈ ఏడంతా చింతామణికి వచ్చినప్పుడు బస్టాండు నుంచి వెనక సందులో రా.

మరుసటి రోజు మేష్ట్రు అంగడికి వచ్చి, "నన్ను పాతపాళ్యకు తీసుకుపోతావా?" అని అడిగాడు. మొన్న ఆదివారం ఇద్దరం పోయాం. శనక్కాయలు పీకుతున్నారు. వెంకటరామప్ప మేష్ట్రు ఈయన్ను పైకీ కిందికీ చూసి, "వానికి బూట్లు యేసి ఎందుకు పరుగెత్తించినావప్పా?" అన్నాడు. కుశలప్రశ్న కూడా లేదు.

"పోయినేడు బెంగుళూరు జట్టు బూట్లతో తొక్కి మా పిల్లోళ్ళ కాళ్ళు విరగ్గొట్టింది సార్. ఒట్టికాళ్ళోణ్ణి మళ్ళా అక్కడికి తీసుకుపోను నాకు ధైర్యం లేకపాయె" అన్నాడు ఆంజనేయప్ప.

పెద్దాయన చేతిలోని చెట్టుకు మన్ను దులిపాడు. "అదీ నిజమే" అన్నాడు. తరవాత, "వాణ్ణి ఆపేది ఎట్లనో తెలుసునా నీకు? నేను చెప్తా, నేను నేర్పినోణ్ణి కదా" అని చేలో చతికిలబడ్డాడు. శనక్కాయలు తెంపి మన్నులో వరసగా పెట్టాడు. ఇది వాడు, ఇది మనవాడు. ఆంజనేయప్ప మోకాళ్ళ మీద కూర్చుని ఒక కాయ జరిపాడు. పెద్దాయన దాన్ని వెనక్కి జరిపాడు. వాదన పెరిగింది, కాయలు చాలక ఇంకో చెట్టు పీకారు. రామలక్ష్మమ్మ, "నాయనా, అది ఇత్తనానికి పెట్టుకున్న సాలు!" అని అరుస్తూ ఉంది. ఇద్దరికీ వినబడలేదు. నేను గట్టు మీద ఒంటరిగా కూర్చున్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. బంతి లేదు, గోలు లేదు, గెలుపు లేదు. బావా, అంత మంచి ఆట నేను ఈ మధ్య చూడలేదు.

జనవరిలో మీ ఊళ్ళో మళ్ళీ ఆట ఉంది. నేను ముందు రోజే వస్తాను. పిల్లవాడితో ఒకే పంక్తిలో కూర్చుని తింటాను. ఆట మాట ఎత్తనని మాత్రం ఒట్టు వేయలేను. పొద్దున్నే అక్కను తోడు తీసుకుని నందికి పోయి భోగనందీశ్వరుడికి దండం పెట్టుకుని వస్తాను. నేనేం మొక్కుకుంటానో అక్కకు చెప్పను. అక్క ఏం మొక్కుకుంటుందో నేను అడగను.

నీ బామ్మర్ది,
ముద్దుకృష్ణ